స్వాతికి, అర్ధరాత్రి చదరంగం గురించి

అమ్మా స్వాతీ,

మొన్న ఫోన్లో "బాబాయ్, వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాను, యాప్ తీసేస్తున్నా" అన్నావు. తీసేయకు. ముందు ఎప్పుడు, ఎంతసేపటి ఆటలు ఆడుతున్నావో చూసుకో. ఆఫీసు లాప్‌టాప్ మూశాక, రాత్రి పన్నెండు దాటాక, మూడు నిమిషాల ఆటలు. అవునా? నేనూ రిటైరైన కొత్తలో ఒక రాత్రి పోయిన పాయింట్లు వెనక్కి తెచ్చుకుందామని కూర్చుని ఇంకో 140 పోగొట్టుకున్నాను. మీ పిన్ని పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసేసరికి నేనింకా హాల్లోనే ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది.

ఇకనుంచి పది నిమిషాల ఆట ఆడు. తీరిక ఉన్న రోజు పదిహేను నిమిషాలది, ఎత్తు వేసినప్పుడల్లా మన టైముకి పది సెకన్లు కలిసేది. మూడు నిమిషాల ఆటలో ఏం జరిగిందో అయిపోగానే మర్చిపోతాం. నిదానంగా ఆడినదైతే మర్నాడు పళ్ళు తోముకుంటున్నప్పుడు కూడా "ఆ గుర్రాన్ని అటెందుకు దూకించానా" అని బుర్రలో తిరుగుతుంది. నాకైతే ఈ ఆట రుచంతా అలా తిరగడంలోనే ఉంది. వరసగా రెండు ఓడావంటే ఫోన్ పక్కన పడెయ్. మూడోది ఎలాగూ కోపంతోనే ఆడతావు.

రేటింగ్ గురించి, అదే గెలుపోటముల్ని బట్టి పెరిగి తరిగే ఆ పాయింట్ల గురించి, బెంగపడుతున్నావు గనక ఒక మాట. ఈ యాపుల్లో నీకు దాదాపు సమానమైనవాళ్ళనే వెతికి ఎదురు కూర్చోబెడతారు. నువ్వు గెలుస్తున్నకొద్దీ ఇంకాస్త గట్టివాళ్ళు వస్తారు. అందుకని ఎంత నేర్చుకున్నా సుమారు సగం ఆటలు ఓడుతూనే ఉంటాం. పైగా ఆన్‌లైన్లో ఆడే చోట్లలో లీచెస్‌లో కొత్తవాళ్ళకి రేటింగ్ 1500తో మొదలు, చెస్ డాట్ కామ్ లెక్క వేరు. మీ ఆఫీసు కుర్రాడి నంబర్ ఒకచోటిది, నీది ఇంకోచోటిది. రెండూ పక్కన పెట్టుకుని ఏడిస్తే ఏం లాభం? నేను లీచెస్‌లో ఆడతాను. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనల గొడవ లేదు, విరాళాల మీద నడుస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్తే రేటింగులు కనబడకుండా కూడా చేసుకోవచ్చు. ఆర్నెల్లు అలాగే ఆడాను, హాయిగా నిద్రపట్టింది.

ఆట అవగానే కంప్యూటర్ విశ్లేషణ నొక్కేయకు. చేతిలో ఉన్న ఆట ఎక్కడ జారిపోయిందో ముందు నువ్వే వెతుకు. ఒక్క చోటు దొరికితే చాలు, ఆ తర్వాత స్టాక్‌ఫిష్‌ని, అదే ఆ విశ్లేషణ చేసే ప్రోగ్రామ్‌ని, అడుగు. అది మనుషులెవరికన్నా బాగా ఆడుతుంది గానీ, ఎందుకో నోరు విప్పి చెప్పదు. మనలాంటివాళ్ళం ఓడేది ఎక్కువగా ఒకే కారణానికి: ఎదుటివాడు ఆ ఎత్తు ఎందుకు వేశాడో చూడకుండా మన ఎత్తు వేసేస్తాం. పెద్ద పెద్ద ఆటగాళ్ళకీ తప్పదిది. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి ఆట, 55వ ఎత్తు. అప్పటి ఛాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును జరపకూడని చోటికి జరిపాడు. ఏనుగులూ శకట్లూ (బిషప్‌లు) కొట్టుకుపోయి, ఒక బంటు ఎక్కువున్న మన గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఎత్తు చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, బట్టీ పట్టకు. గుర్రాలూ శకట్లూ బయటికి తీసి, కాస్లింగ్ చేసుకుంటే, అంటే రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపి రాజును మూలకి చేర్చుకుంటే, ప్రస్తుతానికి సరిపోతుంది. ఎవరైనా కంప్యూటర్ సాయంతో ఆడుతున్నారని అనుమానం వస్తే రిపోర్ట్ చేసి మర్చిపో.

అన్నట్టు, నీ బంటును పక్క గడిలోంచి వచ్చి కొట్టేశారని, యాప్ మోసం చేసిందని అన్నావు. మోసం కాదమ్మా, అది ఆన్ పాసాన్. మన పాత ఆటలో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే కదిలేది. రెండు గళ్ళు దూకే వీలొచ్చాక, పక్క బంటును అలా తప్పించుకుపోకుండా పెట్టిన నియమమది. మా తాతగారు అరుగు మీద పాత పద్ధతిలోనే ఆడేవారు. కాస్లింగ్ లేదు, బదులుగా రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. ఆడేది ఇద్దరు, ఎత్తులు చెప్పేది పదిమంది. వందమంది ఒక్కటైనా సరే, చదరంగంలో కృష్ణరాయల మీద గెలిచేది బొడ్డుచర్ల తిమ్మనేనని ఒక చాటువు ఉంది. తాతగారు అది రాగం తీసి చదివి, సలహాలిచ్చేవాళ్ళ నోళ్ళు మూయించేవారు.

ఫోన్లో ఆటకి ఆ సందడి లేదు. నీకు విసుగొచ్చింది ఓటమి వల్ల కాదేమో, ఓడాక చెప్పుకోడానికి మనిషి లేకపోవడం వల్లేమో. వారానికి ఒక ఆట లింకు నాకు పంపు. గెలిచినదైనా, ఓడినదైనా. పెద్ద పోటీలప్పుడు మనవాళ్ళని చూడు. 2024 చివర్లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే) పోటీలో మన గుడివాడ కోనేరు హంపి మొదటి ఆటే ఓడిపోయింది. అయినా మొత్తం 11 ఆటల్లో 8.5 పాయింట్లు తెచ్చుకుని రెండోసారి ఆ ప్రపంచ టైటిల్ గెలిచింది. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి ఆ డిసెంబర్ ప్రపంచ రేటింగుల జాబితాలోనే 2800 దాటాడు, భారతీయుల్లో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అతనే. వాళ్ళ ఆటలు పూర్తిగా అర్థం కావక్కర్లేదు, తర్వాతి ఎత్తు ఊహిస్తూ కూర్చుంటే సాయంత్రం గడిచిపోతుంది.

వీలైతే ఒక ఆదివారం మీ ఊళ్ళో ఏదైనా ఓపెన్ టోర్నమెంటుకి వెళ్ళు. అక్కడ ముట్టుకున్న పావును ఆడాల్సిందే, ఎత్తులు కాగితం మీద రాయాల్సిందే. నన్ను ఒక ఎనిమిదో తరగతి పిల్ల 27 ఎత్తుల్లో ఓడించి, "అంకుల్, ఇక్కడ శకటు ఇటు తీసుంటే బాగుండేది" అని పక్కన కూర్చుని ఓపిగ్గా చూపించింది. తర్వాత వాళ్ళ నాన్న వచ్చి పిలిచేదాకా లేవలేదు.

సంక్రాంతికి వస్తావుగా. తాతగారి చదరంగం పలక అటక మీంచి దింపాను. ఒక నల్ల బంటు కనబడటం లేదు, దాని బదులు చింతగింజ పెట్టాను. తెల్లపావులు నువ్వే తీసుకో.

మీ బాబాయి