మామ్మ మాటను దిద్దకు

విజయనగరం

అమ్మాయికి ఆశీస్సులు.

మీ మామ్మ పెద్దకర్మ అయిన నెలకు నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుమార్లు చదివాను. నీకు భాష ఉంది, దుఃఖమూ ఉంది. పొందూరులో అరవై ఏళ్ళు నూలు వడికిన మనిషి మాత్రం నాకు అందులో ఎక్కడా కనబడలేదు. "త్యాగమూర్తి" అన్నావు, "అనురాగదేవత" అన్నావు. ఆ మాటలు ఏ ఊరి మామ్మకైనా సరిపోతాయి.

కిందటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు చెప్పిన కబుర్లు నాకింకా గుర్తున్నాయి. కొండపత్తిని గింజ మీద ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వేదనీ, ఆ దవడ పళ్ళు ఎంత సన్నమో చూడమని నీ చిన్నప్పుడు బుగ్గ మీద గీసి నవ్వేదనీ చెప్పావు. వడకడానికి చుట్టుకున్న దూది ఏకులు నలగకుండా దాచుకునే ఎండు అరటిదొప్పలోనే నీకోసం బెల్లంముక్క కూడా దాచి, దానికి చీమలు పట్టగా కోడలిచేత మాటలు పడిందన్నావు. ఆ చీమలు పట్టిన దొప్ప చేతిలో ఉండగా అనురాగదేవత నీకెందుకు? ప్రేమ అన్న మాట లేకుండానే పాఠకుడు ఆ ప్రేమను గ్రహిస్తాడు.

ఇంకొక సంగతి. మామ్మ నోట నువ్వు పెట్టిన మాటలన్నీ పాఠ్యపుస్తకంలోవి. ఈ తప్పు నేనూ చేశాను గనుక చెబుతున్నాను. మా నాన్న పోయిన ఏడాది ఆయన మీద ఒక వ్యాసం రాసి, ఆయన మాటలను పత్రికల తెలుగులోకి దిద్ది, మా మేనత్తకు చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని, "ఇదేటిరా, మీ బాబు ఇలగ మాటాడీవోడా? ఎవులో మేస్టరు మాటాడినట్టుంది" అంది. నాన్నను తలుచుకోవడానికి కూర్చుని ఆయన గొంతునే తుడిచేశానని అప్పుడు తెలిసింది. ఆ వ్యాసాన్ని మళ్ళీ రాయడానికి నాకు ఏడేళ్ళు పట్టింది, అప్పటికి మేనత్త కూడా లేదు. మన శ్రీకాకుళం సీమలోనే 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, అప్పటికి లిపి లేని సవర భాషను మాట్లాడేవారి నోట విని నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. పరాయివారి మాట మీద ఆయన చూపిన శ్రద్ధలో కొంతైనా ఇంట్లోని మామ్మ మాట మీద మనం చూపవద్దా? ఆవిడ "ఏటి" అంటే "ఏటి" అనే రాయి. కథనం నీ భాషలో సాగనీ, మాట మాత్రం ఆవిడదిగా ఉంచు.

నూతి వాటా తగాదాతో మామ్మ సొంత చెల్లెలితో పదేళ్ళు మాటలు మానేసిన సంగతి నాతో చెప్పావు, కాగితం మీద పెట్టలేదు. పోయినవారి గురించి మంచే పలకాలన్న మర్యాద పరామర్శకు వెళ్ళినప్పుడు పాటించదగినదే, కాని రచనకు అది చాలదు. అంత మొండితనం లేని మనిషి రాట్నం ముందు అరవై ఏళ్ళు కూర్చోగలిగేదా అని నాకు అనిపిస్తుంది. అయితే ఆ తగాదాలో రెండో మనిషి బతికే ఉంది. ఆవిడను అడగకుండా ఒక్క వాక్యం కూడా రాయకు, వద్దంటే మానెయ్యి.

ఆమదాలవలసలో ఉన్న ఆ చిన్నమామ్మ దగ్గరకు సంక్రాంతి లోపలే వెళ్ళు. మీ మామ్మ చిన్నతనం తెలిసినవారు ఇక ఆవిడ ఒక్కతే అన్నావు కదా. వాలుగ దవడ ఇంట్లో ఉంటే వెంట తీసుకువెళ్ళి ఆవిడ చేతిలో పెట్టు. వెళ్ళగానే తగాదా ఊసెత్తకు. పత్తి ఎలా దువ్వేవారో చూపించమని అడుగు, తక్కిన మాటలు ఆవిడే తీస్తుంది. ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకో. కొత్త ప్రతి రాశాక పాతదాన్ని చింపెయ్యకు, రెండూ కలిపి నాకు పంపు.