పాట ‘గట్టిన’ కవి అంటే తప్పా?

సందేహం: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా ఊరి పెద్దమనిషి ఒకాయన పసులు కాసుకుంటూ కట్టిన పాటలు ఇప్పటికీ నాట్లప్పుడు పాడుకుంటాం. ఏటా ఆయన పేరు మీద ఊరంతా కలిసి పండుగ చేస్తాం. ఈసారి పిల్లలు ఫ్లెక్సీ మీద ‘మా ఊరికి పాట గట్టిన కవి’ అని రాయించారు. సభకు వచ్చిన ఒక పెద్దాయన “గట్టిన కాదు, కట్టిన అనాలి. అసలు రచించిన అంటే మర్యాదగా ఉంటుంది” అన్నారు. చివరికి ‘గ’ మీద తెల్లకాగితం అతికించి స్కెచ్ పెన్నుతో ‘క’ రాశాం. ఆయన పాటలతో చిన్న పుస్తకం వేయబోతున్నాం. ఏది సరైనది? ఈ పండుగను ‘కవి జాతర’ అనొచ్చా?

సమాధానం: ‘గట్టిన’ తప్పు కాదు. ‘కట్టిన’ కూడా తప్పు కాదు. మీ పిల్లలు తమ నోటికి వచ్చినట్టే రాశారు, వ్యాకరణం కూడా వాళ్ళ పక్షానే ఉంది.

బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఒక సూత్రం చెప్పాడు. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు బహుళంగా వస్తాయి. ప్రథమా విభక్తిలో ఉన్న మాట తర్వాత క, చ, ట, త, ప వస్తే వాటి చోట గ, స, డ, ద, వ రావచ్చు. ‘వాడు కొట్టె’ అనవచ్చు, ‘వాడు గొట్టె’ అనీ అనవచ్చు. బడిలో అందరం చదువుకున్న గసడదవాదేశ సంధి ఇదే. ‘బహుళం’ అనే మాట మీద కాస్త ఆగాలి. ఇక్కడ ఆ మార్పు తప్పనిసరి కాదు, నిషేధమూ కాదు. ‘పాట’ లాంటి జడ పదాలకు (ప్రాణం లేనివాటి పేర్లకు) ద్వితీయ రావలసిన చోట ప్రథమ రావడం తెలుగులో మామూలే కనుక, ‘పాట కట్టిన’, ‘పాట గట్టిన’ రెండూ నిలుస్తాయి.

ఈ సంధి పుస్తకాల్లో మిగిలిపోయిందనుకుంటాం గానీ, దక్షిణ తెలంగాణ ఇళ్ళలో పొద్దున లేస్తే వినిపించేది ఇదే. ఇల్లు గట్టిండు, నీళ్ళు దాగిండు, పిల్లకు పేరు వెట్టిండ్రు, పాట వాడిండు. చివరి రెండూ గమనించండి. పెట్టు ‘వెట్టు’ అయింది, పాడు ‘వాడు’ అయింది. సూత్రంలో ‘ప’కు ‘వ’ వస్తుందన్నాడే, అచ్చం అదే. సూత్రం ఎన్నడూ చదవని అవ్వ కూడా ఎక్కడా తడబడకుండా పాటిస్తుంది. అది నేర్చుకున్న వ్యాకరణం కాదు, ఉగ్గుపాలతో వచ్చిన వ్యాకరణం. దాన్ని యాస అని తోసెయ్యడం నాకు బాధ కలిగిస్తుంది.

సాక్ష్యానికి దూరం పోనక్కరలేదు. రైతాంగ సాయుధ పోరాటం (1946–51) నాటి పాటల్లో మీ జిల్లా వాళ్ళు కట్టినవే చూడండి. బండి యాదగిరి ‘బండెనక బండి గట్టి’ అన్నాడు. అది గసడదవాదేశం. దాన్ని ‘బండి కట్టి’ అని దిద్ది ఒకసారి పాడి చూడండి, గొంతు అక్కడ తట్టుకుంటుంది. సుద్దాల హనుమంతు ‘పసులగాసే మొనగాడా’ అన్నాడు. అక్కడా ‘గ’ ఉంది గానీ దారి వేరు. పసులన్ + కాసే, అంటే ద్రుతం (మాట చివరి ‘న్’) మీద పరుషమైన ‘క’ సరళమైన ‘గ’ అయింది, ఇది సరళాదేశం. పోతన ‘సిరికిం జెప్పడు’లో ‘చెప్పడు’ను ‘జెప్పడు’ చేసింది కూడా ఈ సరళాదేశమే. ఆ పద్యంలో మనం మెచ్చుకున్న ‘జ’నే, ఊరివాడు ‘ఏం జెప్పిండు’ అన్నప్పుడు ఎందుకు దిద్దాలి?

ఇక ‘రచించిన’ సంగతి. ఆ పెద్దాయన మంచి మనసుతోనే అని ఉంటారు, మీ కవికి గౌరవం దక్కాలనే. కానీ గౌరవం సంస్కృతం మాటలోనే ఉందనుకోవడం సరికాదు. ‘రచన’కు మొదటి అర్థం కూర్చడం, అమర్చడం. రాయడం అనే అర్థం తర్వాత స్థిరపడింది. ‘ప్రబంధం’లో ఉన్న ‘బంధం’ అంటే కట్టే కదా! మాల కట్టినట్టు మాటను మాటతో కలిపి కట్టడం. కైగట్టుడు, అంటే కవిత కట్టడం, అనే మాట మన పల్లెల్లో ఇంకా ఉంది. పత్రికలు కూడా సంగీత దర్శకుడు ‘బాణీలు కట్టాడు’ అనే రాస్తాయి. దాన్నెవరూ దిద్దరు.

మరో తేడా కూడా ఉంది. ఒక ఊళ్ళో ఇలాంటి కవి గురించి అడుగుతూ నేనే “ఆయన ఎన్ని పాటలు రాసిండు?” అన్నాను. అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న ముసలమ్మ చెయ్యి ఆపి, “రాయలే బిడ్డా, గట్టిండు. రాసుడు ఆయనకు రాదు” అంది. రాసుడు వేరు, గట్టుడు వేరు. వరసా మాటా ఒకేసారి నోట్లో పుట్టి, పక్కవాళ్ళు అందుకుంటే నిలిచేది గట్టిన పాట. మీ కవి పసుల వెంట తిరుగుతూ చేసిన పనికి సరిగ్గా అతికే మాట అది. ‘రచించిన’ అంటే ఆ పని కనబడదు. ఆఫీసుకు పెట్టే దరఖాస్తులో, బడి పరీక్షలో మాత్రం ‘కట్టిన’ అని రాయండి. అక్కడ విడివిడి మాటలుగా రాయడమే వాడుక.

‘కవి జాతర’ అనొచ్చు. ‘యాత్ర’కు వికృతి ‘జాతర’, యంత్రం జంత్రం అయినట్టే. సూర్యాపేట దగ్గర పెద్దగట్టు, పాలమూరులో కురుమూర్తి వంటి చోట్ల దేవుడి కోసం జనం కదిలి వెళ్ళడం వల్ల దానికి దైవ సంబంధం అంటుకుంది గానీ, మాటలో ఉన్నది ప్రయాణమే. చుట్టుపక్కల ఊళ్ళ జనం మీ కవి కోసం కదిలి వస్తుంటే అది జాతరే. ఊరివాళ్ళే కూడితే మాత్రం మీరు ఇప్పటికే అంటున్న ‘పండుగ’ చక్కగా ఉంది.

పుస్తకం గురించి ఒక మాట. డీటీపీ చేసేవాళ్ళు అలవాటు కొద్దీ గ, జ, ద, వలను క, చ, త, పలుగా దిద్దేస్తారు. ప్రూఫు మీరే చూడండి. పాడేవాళ్ళ చేత పాడించి, ఫోన్లో రికార్డు చేసుకుని, విన్నది విన్నట్టు రాయండి. ఒకే పాటను ఒక వాడలో ‘గట్టి’ అని, ఇంకో వాడలో ‘కట్టి’ అని పాడితే రెండూ అచ్చు వేయండి, ఏది ఎవరి నోట విన్నారో పక్కన రాయండి. ఫ్లెక్సీ ఇంకా ఉంటే ఆ తెల్లకాగితం తీసెయ్యండి.