టెక్ సందేహాలు: లక్ష్మి గుడి ఏమైంది?

ప్రశ్న: మా ఆఫీసులో నాలుగు టీమ్‌లు వాడేలా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) రాశాను. చిరునామా ఇస్తే పేరు, ఊరు, పిన్‌కోడ్ విడదీసి ఇస్తుంది. చిరునామా సరిగ్గా లేకపోతే ఏం చేయాలన్న దగ్గరే గొడవ. 'నన్' (None, అంటే 'ఏమీ లేదు') రిటర్న్ చేయమని ఒకరు, ఎక్సెప్షన్ రైజ్ చేయమని (అంటే పని అక్కడే ఆపి లోపం ఉందని చెప్పమని) ఒకరు, స్క్రీన్ మీద ప్రింట్ చేసి వదిలేయమని ఇంకొకరు. ఏది సరైంది?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ మూడోది తీసేయండి. రాత్రి రెండింటికి ఎక్కడో సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు స్క్రీన్ ముందు ఎవరు కూర్చుంటారు? కొందరు లైబ్రరీలోంచే ప్రోగ్రామ్ మొత్తాన్ని ఆపేస్తుంటారు. అదైతే అద్దెకు దిగినవాడు ఇంటికి తాళం వేసుకుపోయినట్టే.

ఇక నన్ సంగతి. పైథాన్‌లో, ఒక స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) కామా ఎక్కడుందో వెతకడానికి 'ఫైండ్', 'ఇండెక్స్' అని రెండున్నాయి. కామా ఉంటే రెండూ దాని స్థానం చెబుతాయి. లేకపోతే ఇండెక్స్ 'వాల్యూ ఎర్రర్' (విలువ సరిగ్గా లేదని చెప్పే ఎక్సెప్షన్) రైజ్ చేస్తుంది. ఫైండ్ మాత్రం మైనస్ 1 చేతిలో పెట్టి ఊరుకుంటుంది. 'లక్ష్మి, గుంటూరు' అన్న చిరునామాను ఫైండ్ చెప్పిన చోటు దాకా కోస్తే 'లక్ష్మి' చక్కగా వస్తుంది. ఎవరో ఊరు రాయకుండా ఉత్త 'లక్ష్మి' అని కొట్టారనుకోండి. మైనస్ 1 దాకా కోయడమంటే పైథాన్ లెక్కలో చివరిది ఒకటి వదిలేయడం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతి యూనికోడ్‌లో 'మి' అంటే మ ఒకటి, గుడి ఒకటి. ఆ గుడి కాస్తా ఎగిరిపోయి 'లక్ష్మ' మిగులుతుంది. రాజుకు కొమ్ము పోయి 'రాజ' అవుతాడు. ఎర్రర్ ఏదీ రాదు. కొరియర్ కవరు మీద పేరు చూసి లక్ష్మిగారు ఫోన్ చేసేదాకా మీకు తెలియనే తెలియదు.

అసలు చిక్కు అదే. ఎర్రర్ కూడా మామూలు జవాబులాగే కనిపిస్తే, తీసుకున్నవాళ్లు జవాబనుకునే వాడేస్తారు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో జరిగింది కూడా ఇలాంటిదే. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే పట్టలేదు. దిశను లెక్కించే యూనిట్ ఆగిపోయి, తన లోపం వివరాలను పంపింది. రాకెట్‌ను నడిపే కంప్యూటర్ వాటిని ప్రయాణ సమాచారం అనుకుంది. మంట బయటికొచ్చే నాజిళ్లు పూర్తిగా పక్కకు తిరిగిపోయాయి. బయల్దేరిన దాదాపు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది.

అలాగని నన్ ఎప్పుడూ తప్పని కాదు. చిరునామాలో పిన్‌కోడ్ లేకపోవడం మీ ఆఫీసులో మామూలే అయితే నన్ ఇవ్వండి, ఆ మాట డాక్యుమెంటేషన్‌లో రాయండి. పిన్‌కోడ్ ఉండి కూడా అయిదంకెలే ఉంటే మాత్రం ఎక్సెప్షన్ రైజ్ చేయాల్సిందే. దానికి వాల్యూ ఎర్రర్ కింద 'పిన్‌కోడ్ ఎర్రర్' అని మీదే ఒక క్లాస్ (ఎర్రర్ రకం) పెట్టుకోండి. లేదంటే మీ లైబ్రరీ వాడేవాళ్లు ఎర్రర్ వాక్యంలో పదాలు వెతికి పట్టుకోవడం మొదలుపెడతారు. తర్వాత మీరు అందులో ఒక స్పెల్లింగ్ దిద్దినా వాళ్ల కోడ్ పడిపోతుంది.

ఆ వాక్యం రాయడానికి కాస్త టైం పెట్టండి. 'చెల్లని ఇన్‌పుట్' అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? 500081లో ఒక సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడితే, అంకెల్ని సంఖ్యగా మార్చే పైథాన్ 'ఇంట్' తనకు వచ్చినదాన్ని కోట్స్‌లో పెట్టి చూపిస్తుంది. (౫౦౦౦౮౧ అని తెలుగు అంకెలిస్తే మారు మాట్లాడకుండా తీసుకుంటుంది, అది వేరే ముచ్చట.) మీరూ అలాగే 'పిన్‌కోడ్‌కు 6 అంకెలుండాలి, వచ్చింది "50008"' అని రాయండి. అది ఏ ఫైల్లో ఎన్నో వరుస అన్నది మీ లైబ్రరీకి తెలియదు, దాన్ని వాడుకున్న ప్రోగ్రామ్‌కు తెలుసు. వాళ్లు 'రైజ్ ఫ్రమ్' (ఒక ఎర్రర్‌కు ఇంకోటి కారణమని చెప్పే పద్ధతి) వాడి తమ ముక్క జోడించుకుంటే మీ ఎర్రర్ కూడా ట్రేస్‌బ్యాక్‌లో, అంటే ఎర్రర్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూపే వివరాల్లో, కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: పాస్‌వర్డ్, ఆధార్ నంబర్ లాంటివి వాక్యంలో పెట్టకండి. ఎర్రర్లన్నీ చివరికి లాగ్ ఫైళ్లలోకే (ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసిపెట్టే ఫైళ్లు) చేరతాయి, అవి ఎవరి కళ్ల పడతాయో చెప్పలేం.

ప్రశ్న: నా పైథాన్ ప్రోగ్రామ్ కంట్రోల్, సి కలిపి కొట్టినా ఆగడం లేదు. ఎర్రర్లు రాకూడదని లూప్‌లో 'ట్రై, ఎక్సెప్ట్, పాస్' (ఎర్రర్ వస్తే పట్టించుకోకుండా ముందుకు పొమ్మనేది) పెట్టాను. వైరస్ ఏమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: వైరస్ కాదు, మీ 'ఎక్సెప్ట్' పనే. కంట్రోల్ సి కొట్టినప్పుడు వచ్చేది కూడా ఒక ఎక్సెప్షనే, దాని పేరు 'కీబోర్డ్ ఇంటరప్ట్'. పక్కన పేరేమీ లేని ఎక్సెప్ట్ దాన్ని కూడా మింగేస్తుంది. పక్కన 'ఎక్సెప్షన్' అని రాస్తే ఆ బాధ తీరుతుంది, ఎందుకంటే కీబోర్డ్ ఇంటరప్ట్ ఆ క్లాస్ కిందికి రాదు. కానీ మిగతావన్నీ అప్పటికీ మింగుతూనే ఉంటుంది. మీరు ఎదురుచూస్తున్నది వాల్యూ ఎర్రర్ అయితే దాని పేరే రాయండి, 'పాస్' తీసేసి ఆ ఎర్రర్‌ను లాగ్ చేయండి. ఇప్పుడు నడుస్తున్నదాన్ని టెర్మినల్ విండో మూసేసి ఆపండి.