పిల్లల వాంగ్మూలం వీడియో ఎవరెవరు చూస్తారు?

కావలిలో మీ అక్క కూతురి వాంగ్మూలం వీడియో తీశారని, అది ఫోన్లలో తిరుగుతుందేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. తిరగకూడదండీ. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 26వ సెక్షన్ వీలైనచోట ఆడియో, వీడియో తీయమనే చెబుతుంది, అది కోర్టు కోసం. పాప ఎవరో మీడియాకు పొక్కకుండా చూసుకోవాల్సింది పోలీసులే. విచారణ కూడా స్పెషల్ కోర్టులో తలుపులు మూసే జరుగుతుంది, అమ్మానాన్నలు పక్కన ఉండొచ్చు. నిందితుడి లాయరుకు మాత్రం సాక్ష్యం ఏమిటో తెలుస్తుంది, అది తప్పదు.

నాకైతే స్టేషన్ కన్నా మన వాట్సాప్ గ్రూపులంటేనే భయం. పేరు రాయకుండా "ఫలానా బడి, ఫలానా వీధి పాప" అన్నా ఊళ్లో ఇట్టే పట్టేస్తారు, అందుకే ఏ మీడియాలోనైనా ఆ వివరాలు బయటపెడితే 23వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో పడతాయి. అలాంటి మెసేజ్ కనబడితే ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా స్క్రీన్‌షాట్‌తో నెల్లూరు ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇవ్వండి.