ఆరె కాదు, గంటమే

సందేహం: జమ్మలమడుగు దగ్గర మా పల్లెలో పాత మిద్దె విప్పుతుంటే గోడగూట్లో ఒక ఇనుప పనిముట్టు దొరికింది. జానెడు పొడవుంది. ఒక కొస సూదిలా ఉంది, రెండో కొస చిన్న చాకులా వెడల్పుగా ఉంది. పిడి లేదు. చెప్పులు కుట్టే ఆరె అని మా మామ అంటాడు. కాదు, ‘ఘంటం’ అని మా బడి అయ్యవారు. ఇంతకీ అది దేనికి వాడేది? ఘంటమా, గంటమా, ఏది రాయాలి? – ఒక పాఠకుడు

సమాధానం: అయ్యవారి మాటే నిజం, వత్తు ఒక్కటి తీసేస్తే. మీరు చెప్పిన ఆనవాళ్లన్నీ తాటాకు మీద రాసే గంటానివే.

మీ మామగారు ఊరికే అనలేదు. ఆరెకూ సూదిమొన ఉంటుంది. కానీ తోలును పొడవాలంటే అరచేత్తో నొక్కాలి, అందుకని ఆరెకు చెక్కపిడి తప్పదు. దారాన్ని పట్టి లాగే ఆరెలకైతే మొన పక్కన చిన్న గాడి కూడా ఉంటుంది. గంటం పొడిచేది కాదు, గీరేది. మొన సన్నగా ఉండాలిగాని ఆకును చీల్చేంత పదును పనికిరాదు. పైపొర తెగాలి, అడుగు తెగకూడదు. మీ దగ్గరున్నదాని మొనను భూతద్దంతో చూడండి. గాడి లేకుండా నున్నగా, గుండ్రంగా ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

రెండో కొసనున్న చాకు కూడా రాతపనికే. తాటాకును ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్దాక ఆకులన్నిటినీ ఒక కొలతకు తేవాలి. అంచులు కోయడానికి వేరే కత్తి వెతుక్కోకుండా గంటానికే తోక కట్టారన్నమాట. ఈ చాకు లేని గంటాలూ ఉన్నాయి.

సిరా మరక ఉందేమో అని మాత్రం వెతక్కండి, ఉండదు. గంటం సిరాలో మునిగేది కాదు. దాన్ని పిడికిట్లో పట్టి, ఎడమచేతి బొటనవేలితో ఆనించి, ఆకును జరుపుకుంటూ గీస్తారు. చేయి కదిలేదానికన్నా ఆకు జరిగేదే ఎక్కువ. అప్పటికి అక్షరాలు సరిగా కనబడవు. తరవాత దీపపు మసిని నూనెలో కలిపో, ఆకుపసరో పూసి తుడిస్తే, నలుపు గీతల్లో నిలిచి అక్షరం పైకి తేలుతుంది. ఆ వరస తప్పిందో, రాసినవాడికే తన రాత కనబడదు.

తెలుగు అక్షరాలు గుండ్రబడటానికి ఈ గంటమే కారణమని చాలామంది అంటారు. నారవెంట అడ్డగీత బలంగా గీస్తే ఆకు చీలుతుంది, నిజమే. ఉత్తరాదిన తాటాకు మీద సిరాతో రాసేవారు కాబట్టి వాళ్లకు ఆ భయం లేదు. కానీ పుణ్యమంతా ఆకుకే కట్టబెట్టడం నాకు నచ్చదు. మన లిపి రాతిమీద కూడా పెరిగింది. మీ జిల్లా కలమళ్లలోనే సుమారు 575 నాటి తెలుగు శాసనం ఉంది, అది ఉలి పని.

ఇక వత్తు సంగతి. గుడిగంటకు సంస్కృతంలో ‘ఘంటా’ అని పేరుంది. మన ‘గంట’ దాని తద్భవం. అది విన్న చెవులకు గంటంలోనూ వత్తు పోయిందేమో అనిపించి, దిద్దబోయి ‘ఘంటం’ చేశారు. గంటానికీ గుడిగంటకూ చుట్టరికం లేదు. కన్నడంలో దీన్ని ‘కంట’ అంటారు. పక్కింటి మాటలోనూ ఘకారం లేదు చూడండి. ‘ఘంటం’ అచ్చులో బాగా పాతుకుపోయింది కాబట్టి రాసినవాళ్లను తప్పుపట్టను. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను: ‘గంటం’ అని రాయండి. అన్నట్టు, ‘వ్రాయు’ మాటకు కూడా మొదటి అర్థం గీయడమే. పాత కావ్యాల్లో చిత్తరువులు ‘వ్రాస్తారు’. కాగితం, కలం, దస్త్రం ఆ తరవాత పారసీ, ఉర్దూల దారిన వచ్చి చేరినవి.

గూట్లో గంటం దొరికింది కదా అని మీ పూర్వీకుల్లో ఒక కవి ఉన్నాడని అప్పుడే చాటకండి. కరణాలు ఊరి లెక్కల కవిలెలు రాసింది దీనితోనే. జాతకాలు, మందుల చిట్టాలు, అప్పుపత్రాలు కూడా. కవులు చాలామంది చెబుతుంటే పక్కన లేఖకుడు రాసేవాడు, గంటం ఉండేది లేఖకుడి చేతిలో! మీ ఇంటివారి వృత్తి తెలియాలంటే అదే గూట్లో, అటకమీద ఇంకేమైనా ఉన్నాయేమో చూడండి. రెండు సన్నని చెక్కల మధ్య బెజ్జంలోంచి తాడు దూర్చిన కట్ట ఉంటే అదే సాక్ష్యం. గట్టిగా విప్పితే ఆకులు విరుగుతాయి, జాగ్రత్త.

తుప్పు వదలాలని గంటాన్ని గరుకు కాగితంతో రుద్దకండి. కమ్మరి దగ్గర సాన అసలే పట్టించకండి, మొన పోతే దాని గుర్తింపే పోతుంది. పొడిగుడ్డతో తుడిచి కడపలో ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్లండి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తాటాకు గ్రంథాలను కాగితాలకెక్కించిన బంగళా చోటే అది. అక్కడి తాళపత్రాల పక్కన పెట్టి చూపిస్తే మీ మామగారూ ఒప్పుకుంటారు.