మేనల్లుడు అడిగాడని ఖాతా తెరిచాను... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక ఊరు. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు. ఎకరంన్నర వరిచేను, కాస్త కొబ్బరితోట నేనే చూసుకుంటాను. టౌన్లో కొత్తగా ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచి పెట్టారు. మా ఆడపడుచు కొడుకు అందులో చేరాడు. ‘ఈ నెల టార్గెట్ ఉందత్తా, ఒక్క ఖాతా’ అని ఇంటికొచ్చి అడిగితే కాదనలేక పదివేలు కట్టి తెరిచాను. ట్యాబ్‌లో వేలిముద్ర వేయించుకున్నాడు, ఫోనుకొచ్చిన ఓటీపీలన్నీ చెప్పించుకున్నాడు. తర్వాత మా ఆయన పంపిన డబ్బులోంచి 50 వేలు ఇన్సూరెన్సు ప్రీమియం కింద పోయాయి. అడిగితే ‘అదీ ఫిక్సుడు లాంటిదే అత్తా’ అన్నాడు. పాలసీ కాగితాలు నా చేతికి రాలేదు. గ్రామీణ బ్యాంకులో పడాల్సిన ధాన్యం డబ్బు కూడా ఈ కొత్త ఖాతాలో పడింది. అది తీసేసుకున్నాక మినిమం బ్యాలెన్సు లేదని రెండుసార్లు కోత వేశారు. ఖాతా మూసేస్తానంటే ఏడాది దాకా కుదరదంటున్నారు. పోలీసు కేసు పెట్టమని మా అన్నయ్య అంటున్నాడు. నా డబ్బు తిరిగొస్తుందా?
– ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసినవన్నీ ఒకే మోసంలో భాగాలని మీకు అనిపిస్తోంది. చట్టం దృష్టిలో అవి నాలుగు వేర్వేరు సంగతులు. వాటిలో గడువు దగ్గరపడేది ఇన్సూరెన్సు ఒక్కటే. మిగతావాటికి వారం ఆలస్యమైనా కొంప మునగదు. అందుకని ముందు ఆ 50 వేల సంగతి చూద్దాం.

జీవిత బీమా పాలసీ తీసుకున్నవాళ్లకు, పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు దాన్ని వెనక్కి ఇచ్చేసే హక్కు ఉంది. దాన్ని ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు. ఎవరు మోసం చేశారు, ఎలా చేశారు అని అక్కడ నిరూపించాల్సిన పని లేదు. ‘పాలసీ షరతులు నాకు సమ్మతం కావు, ఫ్రీ లుక్ కింద రద్దు చేసి ప్రీమియం తిరిగి ఇవ్వండి’ అని రాస్తే చాలు. రిస్కు కవరైన కొద్దిరోజులకు తగిన ప్రీమియం, స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు మినహాయించుకుని మిగిలింది తిరిగివ్వాలి. 50 వేలలో కోత పోయేది చాలా స్వల్పం.

గడువు మొదలయ్యేది డబ్బు కట్ అయిన రోజు నుంచి కాదు, పాలసీ పత్రం మీకు అందిన రోజు నుంచి. మీకు అందలేదంటున్నారు కాబట్టి ఇది మీకు అనుకూలమే. అయితే పత్రం ఈమెయిల్లో పంపినా అందినట్టే లెక్క వేస్తారు. మీ పేరున అసలు ఈమెయిలు ఉందా? లేకపోతే ఖాతా తెరిచేటప్పుడు అబ్బాయి ఫోనులోనే ఒకటి తయారుచేసి ఇచ్చాడా? ఇలాంటి వ్యవహారాల్లో కస్టమర్ ఈమెయిలు అని రాసిన చోట ఏజెంటు సొంత చిరునామా ఉండటం కొత్తేమీ కాదు. మీ ఫోనుకు వచ్చిన మెసేజీలు ఒక్కొక్కటీ చూడండి. బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు వాటిలో దొరుకుతాయి. దొరకకపోతే బ్యాంకు స్టేట్‌మెంటులో 50 వేలు ఎవరికి వెళ్లిందో పేరుంటుంది. ఉత్తరం బ్యాంకుకు మాత్రమే ఇచ్చి ఊరుకోవద్దు. నేరుగా బీమా కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పత్రం ఈమెయిల్లో ఎప్పుడు పంపారో తేలేదాకా, రేపే ఆఖరు రోజు అనుకుని పని చేయండి.

ఆ 30 రోజులూ దాటిపోయాయని తేలినా దారి మూసుకుపోదు, కాకపోతే అప్పుడు నిరూపించాల్సి వస్తుంది. బీమా కంపెనీని మూడు అడగండి: మీ పేరున నింపిన ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం పెట్టిన దరఖాస్తు) కాపీ, బెనిఫిట్ ఇల్లస్ట్రేషన్ (ఎంత కడితే ఎంత వస్తుందో చూపే పట్టిక) కాపీ, పాలసీ ఇచ్చేముందు మీకు చేసిన వెరిఫికేషన్ కాల్ రికార్డింగు. అసలు కథ సాధారణంగా ప్రపోజల్ ఫారంలో బయటపడుతుంది. మీ వృత్తి ‘వ్యాపారం’ అని, ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షలని రాసి ఉండొచ్చు, ఏటా 50 వేలు పదేళ్లు కట్టాలని ఉండొచ్చు. ఎకరంన్నర చేను చేసుకునే మనిషి ఆదాయం అంత ఎక్కడుంటుందని అడగడానికి అదే ఆధారం. ఇక వెరిఫికేషన్ కాల్. ‘అన్నిటికీ అవునను అత్తా’ అని అబ్బాయి చెప్పి ఉంటే మీరు అవుననే అని ఉంటారు. అది మీకు కొంత నష్టమే, దాచను. కానీ ఆ కాల్ ఏ భాషలో, ఎంత వేగంగా, ‘ఫిక్సుడు డిపాజిట్ కాదు’ అన్న మాట చెప్పారా లేదా అన్నవి కూడా ఆ రికార్డింగులోనే ఉంటాయి.

బీమా కంపెనీ ఒప్పుకోకపోయినా, నెలలో జవాబు ఇవ్వకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి అయిన హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు మీ పక్కనున్న యానాం కూడా ఆ కార్యాలయం కిందికే వస్తుంది. ఫీజు లేదు, లాయరుతో పని లేదు. మా వృత్తికి ఇది శుభవార్త కాదనుకోండి!

ఇప్పుడు బ్యాంకు సంగతి. బీమా అమ్మే బ్యాంకు దాన్ని తన ఏ ఇతర సేవకూ ముడిపెట్టకూడదు, కొనడం పూర్తిగా కస్టమర్ ఇష్టం అని రిజర్వు బ్యాంకు నిబంధనలు తేటతెల్లంగా చెబుతున్నాయి. ‘ఖాతాతో పాటే వస్తుంది’, ‘ఇది తీసుకుంటే లాకర్ ఇస్తాం’ అనే మాటలకు చట్టంలో చోటు లేదు. బ్రాంచి మేనేజరుకు రాసే ఫిర్యాదులో ఇది రాయండి. ఖాతా తెరిచిన ఫారం, బీమా డెబిట్‌కు మీరు ఇచ్చారంటున్న అనుమతి, రెండిటి కాపీలూ అడగండి. ఇవ్వకపోతే ఆ ఇవ్వకపోవడాన్నే పైవాళ్లకు పెట్టే ఫిర్యాదులో మొదటి పాయింటుగా పెట్టొచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ‘మా ఆడపడుచు కొడుకు’ అన్న మాట. ఎందుకో చెబుతాను. ఖాతాలో జమ చేయమని, తెలిసినవాడైన బ్యాంకు ఉద్యోగి చేతికి డబ్బిచ్చి, రసీదు తీసుకోకుండా నమ్మిన అలహాబాదు కుటుంబం ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతను ఆ డబ్బు తినేశాడు. 1978లో కోర్టు ఏమందంటే, అతను ఆ డబ్బు తీసుకున్నది స్నేహితుడిగానే గానీ బ్యాంకు ఉద్యోగంలో భాగంగా కాదు, కాబట్టి స్టేట్ బ్యాంకు బాధ్యత వహించదని. ఉద్యోగి తన ఉద్యోగం కింద చేసిన పనికి యజమాని జవాబుదారీ, స్నేహం కొద్దీ చుట్టరికం కొద్దీ చేసిన పనికి కాదు. ఇప్పటికీ బ్యాంకు లాయర్లు మొదట తీసే తీర్పుల్లో అదొకటి.

మీ కేసు దానికి భిన్నమని నా అభిప్రాయం. అబ్బాయి వచ్చింది బ్యాంకు ఇచ్చిన ట్యాబ్‌తో, బ్యాంకు టార్గెట్ కోసం. వేలిముద్ర వెళ్లింది బ్యాంకు సిస్టంలోకి. డబ్బు కట్ అయింది బ్యాంకు ఖాతాలోంచి. ఇదంతా ఉద్యోగంలో భాగమే. కానీ మీరు ఫిర్యాదు నిండా ‘మా మేనల్లుడని నమ్మి’, ‘వాడి మాట కాదనలేక’ అని రాస్తే బ్యాంకుకు ఆ పాత వాదాన్ని మీరే అందించినట్టు. ‘మీ బ్రాంచి ఉద్యోగి, ఫలానా తేదీన, బ్యాంకు ట్యాబ్‌తో మా ఇంటికి వచ్చి’ అని రాయండి. చుట్టరికం దాచమనడం లేదు, అడిగితే ఉన్నది చెప్పండి. ఫిర్యాదు మాత్రం బ్యాంకు మీద, అబ్బాయి మీద కాదు. మన వైపు కొత్త బ్రాంచి తెరవగానే ఊరికొక కుర్రాణ్ణి ఉద్యోగంలో పెట్టుకునేది వాడి చదువు చూసి కంటే వాడి చుట్టాలను లెక్కపెట్టుకుని అని నా అనుమానం. ఆ అబ్బాయి మెడ మీద కత్తి పెట్టింది ఎవరో ఆలోచిస్తే మీ కోపం కొంచెం చల్లబడొచ్చు.

అందుకే పోలీసు కేసు ఇప్పుడే వద్దంటాను. 2024 జులై 1 నుంచి మోసం నేరం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వచ్చింది, వాడుకలో 420 అనేది ఇదే. కేసు పెడితే అబ్బాయి ఉద్యోగం పోతుంది, మీ ఆడపడుచుతో రాకపోకలు పోతాయి, 50 వేలు మాత్రం అక్కడే ఉంటుంది. ఎఫ్ఐఆర్ ప్రీమియం తిరిగి ఇప్పించదు. ప్రపోజల్ ఫారం మీద మీ సంతకం ఎవరో పెట్టారని తేలితే అప్పుడు సంగతి వేరు. అప్పుడు నేనే స్టేషన్‌కు వెళ్లమంటాను.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, లేదా ఇచ్చింది మీకు నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. సీఎంఎస్ అనే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటులో పెట్టొచ్చు, లేదా చండీగఢ్‌లోని కేంద్రానికి ఉత్తరం పంపొచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. ఇదీ ఉచితమే. ఒక్క జాగ్రత్త: అదే విషయం మీద వినియోగదారుల కమిషన్లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోడు. కాబట్టి ముందు అంబుడ్స్‌మన్, అక్కడ పని కాకపోతే కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. బ్యాంకు హెడ్డాఫీసు ముంబయిలో ఉన్నా మీరు నివసించే చోటు జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

ధాన్యం డబ్బు విషయంలో దొంగతనం లేదు. ప్రభుత్వం వేసే డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాకు వెళుతుంది. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పట్టికలో ఆధార్ పక్కన నమోదయ్యే బ్యాంకు ఒక్కటే, చివరగా అనుసంధానం చేసింది. కొత్త ఖాతా ఫారంలో ‘ప్రభుత్వ సబ్సిడీలు ఈ ఖాతాలోకి’ అనే గడి ఒకటుంటుంది. మీ తరఫున దాన్ని టిక్కు చేసేసి ఉంటారు. మీరు గ్రామీణ బ్యాంకుకు వెళ్లి, ఆధార్ అనుసంధానం తిరిగి ఇక్కడికి మార్చమని సమ్మతి ఫారం ఇవ్వండి. అందులో ఇప్పుడున్న బ్యాంకు పేరు అడుగుతారు, కొత్త బ్యాంకు పేరు రాయండి. మారిందో లేదో మైఆధార్ పోర్టల్లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ అని చూస్తే తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మారకపోతే మళ్లీ వెళ్లండి. దాళ్వా (రబీ) ధాన్యం కాటా పడేలోపు ఈ పని పూర్తవాలి, పీఎం కిసాన్ రెండువేలు కూడా ఈ దారినే వస్తాయి. 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది కదా, మీది ఆ బ్యాంకే అయితే పాసుబుక్కు మీద పేరు, ఐఎఫ్ఎస్సీ కూడా సరిచూసుకోండి.

మినిమం బ్యాలెన్సు కోతకు లెక్క ఉంది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది: నిల్వ తగ్గిందని ముందు మెసేజీ గానీ ఉత్తరం గానీ పంపాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల ఇవ్వాలి. ఆ తర్వాతే ఛార్జీ, అదీ ఎంత తగ్గిందో దానికి తగ్గట్టు. ఛార్జీ వల్ల ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు. మీకు ముందస్తు మెసేజీ రాకపోతే ఆ రెండు కోతలూ, వాటి మీద వేసిన జీఎస్టీతో సహా వెనక్కి అడగండి. ఖాతా ఉంచుకోదలిస్తే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమనండి. దానికి కనీస నిల్వ అక్కర్లేదు, ప్రైవేటు బ్యాంకైనా కాదనకూడదు.

‘ఏడాది దాకా మూయకూడదు’ అనేది వట్టి మాట. మీ ఖాతా మీరు ఎప్పుడైనా మూసుకోవచ్చు, తొందరగా మూస్తే ఛార్జీ ఉందంటే వాళ్ల ఛార్జీల పట్టికలో చూపించమనండి. అయినా నా సలహా, ఇప్పుడే మూయొద్దు. బీమా డబ్బు తిరిగి వచ్చేది ప్రీమియం వెళ్లిన ఖాతాలోకే. అది పడి, ధాన్యం అనుసంధానం మారిన తర్వాత మూయండి. ఈలోగా వచ్చే ఏడాది ప్రీమియం కట్ కాకుండా ఆటో డెబిట్ రద్దు చేయమని రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి. మీ ఆయనకు కూడా ఈ ఖాతాలోకి డబ్బు పంపొద్దని చెప్పండి. ఆయన పేరున ఊళ్లో పాత సేవింగ్స్ ఖాతా ఏదైనా మామూలుగానే నడుస్తుంటే, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బు కోసం పెట్టుకునే ఖాతాగా మార్పించాలి. సెలవులకు వచ్చినప్పుడు ఆ పని కూడా చూడమనండి.