ఆ చిన్న సీసా మన ఎసెన్స్ కాదు

ప్రశ్న: అక్కా, మేం మిషిగన్ వచ్చి ఎనిమిది నెలలైంది. డిసెంబర్‌లో ఆఫీసుకి అందరూ ఇంట్లో చేసినవేవో తెస్తారంటే నేనూ ఉత్సాహపడ్డాను. క్రాఫ్ట్ సామాన్ల షాపులో చిటికెన వేలంత సీసాలో పిప్పరమెంటు ఆయిల్ కనిపిస్తే కొని, కేకులో ఒక టీస్పూన్ వేశాను. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని మావారు "టూత్‌పేస్ట్ కేకా?" అన్నారు. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: చెల్లీ, ఆ టీస్పూన్ దగ్గరే జరిగింది. ఇండియాలో పైనాపిల్ ఎసెన్స్, వెనిలా ఎసెన్స్ మూతతో కొలిచి పోసేసిన చేతులు కదా మనవి. ఇక్కడి ఎక్స్‌ట్రాక్ట్‌లు కూడా దాదాపు అలాంటివే, పలచన. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌లో అయితే ఇక్కడి రూల్ ప్రకారం కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మా అత్తగారు ఒకసారి సీసా వెనక రాసింది పైకి చదివారు. ఆ వారమంతా మా ఇంట్లో ఏలకుల కేకే.

నువ్వు కొన్నది వేరే జాతి. అలాంటివి ఎక్కువగా కనిపించేది మీ రాష్ట్రంలోని లాన్సింగ్ ఊరి కంపెనీ లోరాన్ పేరుతో. సీసా మీద "ఒక డ్రామ్" అని ఉందా? అది పాత మందుల షాపుల కొలత, 3.7 మిల్లీలీటర్లు, అంటే ముప్పావు టీస్పూన్. నువ్వు ఒక సీసా చాలక రెండోది కూడా విప్పావన్నమాట! ఇవి ఎక్స్‌ట్రాక్ట్ కంటే మూడు నాలుగు రెట్లు ఘాటు. రెసిపీలో టీస్పూన్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంటే దీన్ని పావు టీస్పూన్‌తో మొదలుపెట్టాలి. పుదీనా, దాల్చినచెక్క, లవంగం లాంటివైతే ఇంకా తగ్గించి చుక్కల్లోనే లెక్కపెట్టు. పిండి రుచి చూసుకుంటూ ఒక్కో చుక్కా పెంచుకోవచ్చు కానీ, పడిన చుక్కని వెనక్కి తీయలేం.

నిజానికి ఈ సీసాలు పుట్టింది కేకుల కోసం కాదు, గట్టి బిళ్ళల కోసం. మన నిమ్మతొనలు గుర్తున్నాయా? అవి ఇంట్లో చక్కగా వస్తాయి. రెండు కప్పుల పంచదార, ముప్పావు కప్పు నీళ్లు, ఒక కప్పులో మూడింట రెండు వంతులు లైట్ కార్న్ సిరప్. పాకం గడ్డకట్టి పంచదార పలుకులు రాకుండా మనం నిమ్మరసం పిండుతామే, ఇక్కడ ఆ పని సిరప్ చేస్తుంది. మరగడం మొదలయ్యాక గరిటె పెట్టకు. ఉండపాకం దాటి ముదరాలి, థర్మామీటర్ 300 ఫారన్‌హీట్ చూపించాలి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే గాజుముక్కలా టక్కున విరగాలి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో నీళ్లు 202 దగ్గరే మరుగుతాయి కాబట్టి అక్కడి వాళ్లు ఓ పది డిగ్రీల ముందే దించేయాలి.

దించాక ఆగు. బుడగలు అణిగాకే లెమన్ ఆయిల్ ఒక డ్రామ్ సీసా, కాస్త నిమ్మ ఉప్పు, చుక్క రంగు వేసి, రెండు తిప్పులు తిప్పి, నూనె రాసిన ట్రేలో పోసెయ్. పాకం పొయ్యి మీద ఉండగా వేస్తే వాసనంతా ఆవిరై ఇంటికి పోతుంది, బిళ్ళలకి మిగిలేది తీపే.

ఈ ఆగడం నాకెవరూ చెప్పలేదు. మొదటి ఏడాది దాల్చినచెక్క ఆయిల్‌ని సలసలా మరుగుతున్న పాకంలో, గిన్నె మీదకి వంగి మరీ పోశాను. పోపులో ఎండుమిరపకాయలు మాడిన ఘాటు ఉంటుందే, దానికి పదింతలు. దగ్గుతూ మంచులోకి కిటికీలు తెరిచాం. తర్వాత చూస్తే, కొలిచిన ప్లాస్టిక్ స్పూన్ తెల్లగా మసకబారి జిగటగా ఉంది. దాల్చినచెక్క, లవంగం, పుదీనా నూనెలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని తినేస్తాయి. స్టీలు స్పూన్, గాజు డ్రాపర్ వాడు. చేతికి అంటితే కళ్లు నులమకు.

కేకుల్లో ఇంకో రెండు మాటలు. కరిగించిన చాక్లెట్‌కి ఈ నూనె రకాలే నప్పుతాయి. నీళ్లున్న ఎక్స్‌ట్రాక్ట్ కొంచెం పడినా చాలు, చాక్లెట్ మట్టిముద్దలా బిగుసుకుంటుంది. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి చేసే వాటిలో మాత్రం ఆయిల్ వేయకు, నురుగు కూలిపోతుంది.

టెన్షన్ పెట్టాలని కాదు కానీ, ఒక్క విషయంలో గట్టిగానే చెప్తున్నా. దీపాల్లో, స్నానానికి వాడే సువాసన నూనెలు కూడా అచ్చం ఇలాంటి సీసాల్లోనే ఉంటాయి. తినడానికి పనికొస్తుందని రాసి లేకపోతే వంటింట్లోకి రానివ్వకు. నొప్పుల బామ్ వాసన వచ్చే వింటర్‌గ్రీన్ నూనె ఒక టీస్పూన్ అంటే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. లడ్డూల్లోకి పచ్చకర్పూరం బదులు పూజ కర్పూరం వేసేవాళ్లని కూడా చూశాను, అది పిల్లలకి ఫిట్స్ తెప్పిస్తుంది. పిల్లలెవరైనా పొరపాటున ఇలాంటిదేదైనా తాగితే 1-800-222-1222కి ఫోన్ చెయ్, పాయిజన్ కంట్రోల్ వాళ్లు రాత్రైనా పలుకుతారు. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నేరుగా 911కే.

ఆ కేకు పారేశావా? లేకపోతే పొడి చేసి, ఏ వాసనా లేని మామూలు చాక్లెట్ కేకు పొడి మూడింతలు కలుపు. కొంచెం క్రీమ్ చీజ్ వేసి ఉండలు కట్టి, ఫ్రిజ్‌లో గంట పెట్టి, కరిగించిన చాక్లెట్‌లో ముంచు. పుదీనా, చాక్లెట్ కలిస్తే ఇక్కడివాళ్లు పడిచస్తారు. సోమవారం ఆఫీసుకి అవే పట్టుకెళ్లు.